ఉత్తరానికి వయసెప్పుడు మీరుతుంది?

అమెరికా రక్షణశాఖ పరిశోధన సంస్థ ఆర్పాకు 1970ల మొదట్లో స్టీఫెన్ లుకాసిక్ డైరెక్టర్‌గా ఉండేవారు. ఒక కంప్యూటర్ దగ్గరున్న మనిషి నెట్‌వర్క్ మీదుగా ఇంకో కంప్యూటర్ దగ్గరున్న మనిషికి ఉత్తరం పంపే ఏర్పాటును రే టామ్లిన్సన్ 1971లో చేసి చూపించారు. లుకాసిక్‌కు అది బాగా నచ్చింది. కొద్దికాలానికే ఆయనకు వచ్చే ఉత్తరాలు ఆయన చెయ్యి దాటిపోయాయి. ఆ రోజుల్లో ఒక మనిషికి వచ్చినవన్నీ ఒకే ఫైల్లో ఒకదాని కింద ఒకటి అతుక్కుని ఉండేవి. చదవాలంటే మొదటి నుంచి చివరిదాకా బారుగా రావలసిందే. కావలసినదాన్ని మాత్రం తీసి చూడటానికీ, పని అయిపోయినదాన్ని పక్కన పెట్టడానికీ దారి లేదు. ఆయన బాధ తీర్చడానికి, ఆర్పానెట్ రూపకర్తల్లో ఒకరైన లారీ రాబర్ట్స్ 1972లో ఒక చిన్న ప్రోగ్రాం రాసిచ్చారు. దాని పేరు ఆర్‌డీ. ఉత్తరాల జాబితా చూపడం, ఎంచుకుని చదవనివ్వడం, ఒక్కోదాన్ని వేరే చోట దాచడం, అక్కర్లేనిదాన్ని తీసేయడం దాని పనులు. ఇవాళ మన ఫోన్లలో, కంప్యూటర్లలో ఉన్న మెయిల్ ప్రోగ్రాములన్నిటికీ అదే పెద్దమ్మ.

అంటే ఉత్తరాలను సర్దుకోలేకపోవడం అనే బాధ ఈ-మెయిల్ పుట్టిన ఏడాదికే పుట్టింది. ఇన్‌బాక్స్‌లో ఇరవై వేలు పేరుకుపోయాయని ఎవరైనా తమను తాము సోమరులుగా అనుకుంటుంటే, ఆ అపరాధభావం వదిలేయమని మొదట చెప్పాలి. నెట్‌వర్క్‌కు డబ్బిచ్చి కట్టించిన సంస్థ అధిపతికే ఆ సాయం కావలసి వచ్చింది.

చేత్తో సర్దుకోవడం ఒక పద్ధతి. ఆ పనిని ప్రోగ్రాంకే అప్పగించడం రెండో పద్ధతి: ఇన్ని నెలలు దాటినవాటిని ఇన్‌బాక్స్‌లోంచి తీసి ఫలానా చోట పెట్టమని చెప్పడం. దీన్నే ఆర్కైవ్ చేయడం అంటున్నాం. చూడటానికి చిన్న సెట్టింగే. అందులో ఒక అంకె వేయాలి. మూడు నెలలా, ఆరు నెలలా, రెండేళ్లా? ఈ అంకె దగ్గర అందరూ ఆగి ఆలోచిస్తారు. దాని వెనకే ఇంకో ప్రశ్న ఉంది, దాన్ని ప్రోగ్రాం మనల్ని అడగదు, తనే తేల్చేసుకుంటుంది. ఎప్పటి నుంచి లెక్క? పంపిన రోజు నుంచా, అందిన రోజు నుంచా, మనం దాన్ని చివరిసారి ముట్టుకున్న రోజు నుంచా? అంకె కంటే ఈ రెండో ప్రశ్నే ముఖ్యమన్నదే ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది.

ఒక ప్రొఫెసర్ మెయిల్‌పెట్టె

జాన్ ఆండర్సన్ కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త. మనిషి జ్ఞాపకశక్తి ఆయన విషయం. నేర్చుకున్నది ఎంత వేగంగా మరిచిపోతామో 1885లోనే జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన మీదే ప్రయోగాలు చేసి చెప్పారు. మొదట్లో మరుపు గబగబా జరుగుతుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. దీన్ని మెదడు లోపంగా చూడటం అలవాటు. ఆండర్సన్ అలా చూడలేదు. బయటి ప్రపంచమే అలా నడుస్తుంటే, దానికి తగ్గట్టే మెదడు కూడా తయారై ఉండవచ్చు కదా అని ఆయన అనుకున్నారు.

లేల్ స్కూలర్‌తో కలిసి ఆయన 1991లో ప్రచురించిన పరిశోధన ఈ ఊహను పరీక్షించింది. వాళ్లు మెదడును పక్కనబెట్టి ప్రపంచాన్ని కొలిచారు. మూడు చోట్ల కొలిచారు: న్యూయార్క్ టైమ్స్ శీర్షికల్లో వచ్చే మాటలు, పసిపిల్లల దగ్గర పెద్దలు మాట్లాడే మాటలు, ఆండర్సన్‌కు 1980లలో వచ్చిన ఈ-మెయిళ్లు. మెయిళ్ల దగ్గర వాళ్లు వేసుకున్న ప్రశ్న సులువైనది. ఒక వ్యక్తి నుంచి చివరిసారి ఉత్తరం వచ్చి ఇన్ని రోజులైంది, ఇవాళ ఆ వ్యక్తి నుంచి మళ్లీ వచ్చే అవకాశం ఎంత? మూడు చోట్లా గీత ఒకే ఆకారంలో వచ్చింది. ఎబ్బింగ్‌హౌస్ మరుపు గీత ఆకారం కూడా అదే.

ఆ ఆకారాన్ని అంకెల్లో చూద్దాం. అసలు లెక్క కొంత క్లిష్టమైనది కనక, సులువు కోసం అవకాశం రోజుల సంఖ్యకు విలోమంగా తగ్గుతుందని అనుకుందాం. నిన్న వచ్చినదానికి 1 అని విలువ ఇస్తే, పది రోజుల కిందటిదానికి 0.1, వంద రోజుల కిందటిదానికి 0.01. మొదటి పది రోజుల్లోనే విలువలో పదింట తొమ్మిది వంతులు పోయింది. ఆ తర్వాతి తొంభై రోజుల్లో పోయింది 0.09 మాత్రమే. వందో రోజుకూ నూటపదో రోజుకూ మధ్య తేడా వెయ్యిలో ఒక వంతు కూడా ఉండదు. గీత కిందికి వంగుతూనే ఉంటుంది, కానీ సున్నాను ఎప్పటికీ తాకదు.

వాళ్లు కొలిచింది పంపినవారి పేర్లు మళ్లీ కనబడటాన్ని, పాత ఉత్తరాన్ని మళ్లీ తెరవడాన్ని కాదు. ఈ రెండో అడుగు నేను వేస్తున్నది. అయినా తమ మెయిల్‌ను గమనించుకునేవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. ఈ వారం వచ్చినదాన్ని మళ్లీ మళ్లీ తెరుస్తాం, కిందటి నెలదాన్ని ఎప్పుడైనా ఒకసారి, పోయినేడాదిదాన్ని అరుదుగా. అరుదుగానే అయినా తెరుస్తాం.

ఈ గీత నుంచి సెట్టింగ్స్‌కు పనికొచ్చే మూడు మాటలు వస్తాయి. తొంభై రోజులు పెట్టాలా, నూటఇరవై పెట్టాలా అని బెంగపడనక్కర్లేదు, అక్కడ గీత దాదాపు బల్లపరుపుగా ఉంటుంది. రెండోది, గీత సున్నాకు చేరదు కనక పాతవాటిని జరపాలి గానీ వయసు ఒక్కటే చూసి చెరిపేయకూడదు. మూడోది అన్నిటికంటే ముఖ్యం: రోజుల లెక్క చివరిసారి అవసరపడినప్పటి నుంచి మొదలవ్వాలి, పుట్టినప్పటి నుంచి కాదు.

ఈ మూడో మాటను కంప్యూటర్ శాస్త్రం వేరే దారిలో అంతకుముందే చేరుకుంది. 1966లో ఐబీఎంలో పనిచేస్తున్న లాస్లో బెలాడీ, చిన్న జ్ఞాపకశక్తి ఉన్న యంత్రంలో చోటు చాలనప్పుడు దేన్ని బయటికి పంపాలన్న సమస్యను తీసుకున్నారు. అన్నిటికంటే ఆలస్యంగా మళ్లీ అవసరపడేదాన్ని పంపడమే అత్యుత్తమం. కానీ అది తెలియాలంటే రేపటి సంగతి ఇవాళే తెలియాలి. అది కుదరదు కనక ఆచరణలో గతాన్నే నమ్ముకుంటారు: చాలాకాలంగా ఎవరూ ముట్టుకోనిదాన్ని ముందు పంపేస్తారు. ఇవాళ్టికీ మన ఫోన్ల లోపల ఈ సూత్రపు రకరకాల రూపాలు పనిచేస్తున్నాయి. కాగితాల విషయంలో జపాన్ ఆర్థికవేత్త యుకియో నొగుచి 1993లో ఇదే చెప్పారు. ప్రతి విషయానికీ ఒక పెద్ద కవరు, కవర్లన్నీ అల్మారాలో నిలువుగా ఒకే వరస. కొత్త కవరు ఎడమ చివర పెడతారు, తీసి వాడిన కవరును కూడా తిరిగి ఎడమ చివరే పెడతారు. కొన్నాళ్లకు ఎవరూ ముట్టనివి వాటంతటవే కుడివైపు చేరతాయి. వర్గీకరణ అన్న మాటే లేదు.

అయితే ఈ సూత్రానికి ఒక చోట చూపు ఆనదు. ఏడాదికోసారి, పదేళ్లకోసారి మాత్రమే కావలసినవాటిని అది గుర్తించలేదు. పెళ్లిళ్లకు మాత్రమే దింపే గంగాళం మూడేళ్లుగా అటక మీదే ఉందని అమ్మేయం కదా. ఇంటి రిజిస్ట్రేషన్ గురించి వచ్చిన మెయిల్, పిల్లల సర్టిఫికెట్ల మెయిల్ అలాంటివి. వీటికి సూత్రం చాలదు, మనిషి ముందే గుర్తు పెట్టాలి.

ప్రోగ్రాముల గడియారాలు

ఇప్పుడు నిజం ప్రోగ్రాముల్లోకి వెళ్దాం. ఆఫీసుల్లో చాలాకాలంగా వాడుతున్న మైక్రోసాఫ్ట్ ఔట్‌లుక్ పాత తరహా రూపంలో ఆటోఆర్కైవ్ అనే ఏర్పాటు ఉంది. మనం ఏమీ మార్చకపోతే అది పద్నాలుగు రోజులకోసారి నడుస్తుంది. ఇన్‌బాక్స్‌కు ఆరు నెలలు, పంపినవాటికి రెండు నెలలు, తీసేసినవాటికి రెండు నెలలు, అవుట్‌బాక్స్‌కు మూడు నెలలు వయసు పరిమితి. పరిచయస్తుల చిరునామాలకు వయసే లేదు. ఆ వ్యత్యాసాల్లోనే ఒక ఆలోచన ఉంది: ఒక్కో రకానికి ఒక్కో ఆయుష్షు. ఔట్‌లుక్ 2010 నుంచి ఈ ఏర్పాటు మొదట ఆపేసి ఉంటుంది, కావాలంటే మనమే వెలిగించుకోవాలి. అది మంచి మార్పు. తమకు తెలియకుండా ఉత్తరాలు ఇన్‌బాక్స్‌లోంచి మాయమైతే మనుషులు హడలిపోతారు.

ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ అన్న చోట మొత్తానికి వర్తించే సెట్టింగ్ ఉంటుంది. అసలు బలం మాత్రం అక్కడ లేదు. ఏ ఫోల్డర్ మీదైనా కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే ఆటోఆర్కైవ్ అనే పుట కనిపిస్తుంది. ఈ ఫోల్డర్‌ను ముట్టుకోవద్దని చెప్పవచ్చు, అందరితో పాటే చూడమనవచ్చు, లేదా దీనికి ప్రత్యేకంగా ఇన్ని రోజులు, వారాలు, నెలలు అని వేరే గడువూ వేరే గమ్యమూ ఇవ్వవచ్చు. ఒక్క ఉత్తరాన్ని కూడా దాని ప్రాపర్టీస్‌లోకి వెళ్లి ఆటోఆర్కైవ్ నుంచి మినహాయించవచ్చు. అటక మీది గంగాళాలకు ఇదే తాళం. ఇంత మంచి ఏర్పాటు ఉందని తెలియక మొత్తానికి ఒకే అంకె వేసుకుని సరిపెట్టుకునేవాళ్లే ఎక్కువ.

ఔట్‌లుక్ గడియారం సంగతి మరీ ఆసక్తికరం. అది ఉత్తరం అందిన తేదీని ఒక్కదాన్నే చూడదు. అందిన తేదీ, చివరిసారి మార్పు జరిగిన తేదీ, ఈ రెండింటిలో ఏది తర్వాతిదైతే దాన్ని లెక్కకు తీసుకుంటుంది. జవాబిచ్చినా, ఇంకొకరికి పంపినా, వేరే ఫోల్డర్‌కు మార్చినా ఉత్తరానికి యౌవనం తిరిగొస్తుంది. బెలాడీ సూత్రానికి ఇది దగ్గరి ఆలోచన, అందుకే మెచ్చుకోవాలి. కానీ అమలులో మొరటుగా ఉంది. ఒకసారి చదివేసిన ఉత్తరాన్ని మళ్లీ మళ్లీ తెరిచి చూసినా అది లెక్కలోకి రాదు, అవసరానికి అంతకంటే పెద్ద గుర్తు లేకపోయినా. పాత కంప్యూటర్ నుంచి పదేళ్ల మెయిల్‌ను కొత్తదానికి దిగుమతి చేసుకుంటే మాత్రం పదేళ్ల ఉత్తరాలకూ ఇవాళ్టి తేదీ పడవచ్చు. ఆపైన ఆరు నెలలపాటు ఆటోఆర్కైవ్ నడుస్తూనే ఉంటుంది, ఒక్క ఉత్తరమూ కదలదు. ప్రోగ్రాం చెడిపోయిందని అనుకుంటారు. నిజానికి గడియారం వెనక్కి తిరిగింది. ఔట్‌లుక్ 2010 కాలంలో దీనికి విరుగుడు వచ్చింది: విండోస్ రిజిస్ట్రీలో ఆర్కైవ్-ఇగ్నోర్-లాస్ట్-మాడిఫైడ్-టైమ్ అనే పేర్లన్నీ కలిపి రాసిన విలువను 1 చేస్తే ప్రోగ్రాం మార్పు తేదీని వదిలేసి అందిన తేదీనే చూస్తుంది. రిజిస్ట్రీని కదపడం అలవాటు లేనివాళ్లు తెలిసినవాళ్ల చేత చేయించుకోవడం మేలు.

క్యాలెండర్ విషయంలో ఔట్‌లుక్ ఇంకా తెలివిగా ఉంటుంది. అక్కడ వయసు సమావేశం జరిగే తేదీ నుంచి మొదలవుతుంది, ఆహ్వానం వచ్చిన తేదీ నుంచి కాదు. పూర్తికాని పనులను అసలు ఆర్కైవ్ చేయదు. మెయిల్‌లోనూ ఇలా ఉంటే ఎంత బాగుండేది! సంక్రాంతి రైలు టికెట్ నవంబరులో మెయిల్‌కు వస్తుంది. దాని వయసు నవంబరు నుంచి లెక్కించడంలో అర్థం లేదు, ప్రయాణం అయ్యాకే అది పాతబడేది. ఓటీపీ మెయిల్ పది నిమిషాలకే ముసలిదైపోతుంది. బ్యాంకు స్టేట్‌మెంట్‌కు ఏడాది, రెండేళ్ల ప్రాణం. అన్నిటికీ ఒకే అంకె ఎందుకు సరిపోదో ఈ మూడు ఉదాహరణలే చెబుతాయి.

మొజిల్లా వారి థండర్‌బర్డ్ దారి వేరు. ఉచితంగా దొరికే ఈ ప్రోగ్రాంలో ఆర్కైవ్ ఏర్పాటు 2009 డిసెంబరులో వచ్చిన మూడో రూపంతో చేరింది. ఉత్తరం తెరిచి కీబోర్డు మీద ‘A’ అక్షరం నొక్కితే చాలు, అది ఆర్కైవ్‌కు వెళ్లిపోతుంది. ఎలా వెళ్లాలో అకౌంట్ సెట్టింగ్స్‌లో కాపీస్ అండ్ ఫోల్డర్స్ అన్న చోట చెప్పవచ్చు: అన్నీ ఒకే ఫోల్డర్‌లోకా, ఏడాదికో ఫోల్డరా, నెలకో ఫోల్డరా? మనం చెప్పకపోతే ఏడాదికొకటి. ఇప్పటికే ఫోల్డర్లు పెట్టుకుని ఉన్నవాళ్లు, ఆ వరసను అలాగే ఉంచమనే గడిలో టిక్ పెట్టుకోవాలి. లేకపోతే ఇన్నేళ్లు జాగ్రత్తగా వేరు చేసుకున్నవన్నీ ఒక్క కుప్పలో కలిసిపోతాయి.

మన దేశంలో ఏడాదికొకటి అన్న పద్ధతిలో ఒక చిక్కుంది. మన లెక్కల సంవత్సరం ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది. 2024 మార్చి 31న వచ్చిన బిల్లూ ఏప్రిల్ 1న వచ్చిన బిల్లూ ఆడిటర్ దృష్టిలో రెండు వేరు సంవత్సరాలవి, థండర్‌బర్డ్ దృష్టిలో రెండూ 2024వి. వ్యాపారం చేసేవాళ్లు, పన్ను లెక్కలు చూసుకునేవాళ్లు నెలకో ఫోల్డర్ పద్ధతి ఎంచుకోవడం మంచిది. అప్పుడు ఏప్రిల్ నుంచి మార్చి వరకు పన్నెండు ఫోల్డర్లను వరుసగా తీసి చూపించవచ్చు. ఈ ఒక్క మార్పుకు అర నిమిషం పట్టదు.

థండర్‌బర్డ్ చూసే తేదీ ఉత్తరం తల మీద పంపినవారి యంత్రం వేసిన తేదీ. పంపినవారి గడియారం తప్పితే ఉత్తరం కూడా తప్పు ఏడాదిలోకి పోతుంది. ఎప్పుడైనా ఆర్కైవ్‌లో 1970 అనే ఫోల్డర్ కనిపిస్తే కంగారు పడకండి. చాలా కంప్యూటర్లు కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కిస్తాయి, తేదీ లేనిదీ పాడైనదీ అక్కడికి చేరుతుంది. దేశాల మధ్య కాలభేదం ఇంకో చిత్రం చేస్తుంది. డల్లాస్‌లో ఉన్న అమ్మాయి డిసెంబరు 31 మధ్యాహ్నం రెండు గంటలకు నాన్నకు మెయిల్ రాస్తే, హైదరాబాద్‌లో అప్పటికి జనవరి 1 తెల్లవారుజాము ఒకటిన్నర. చూసే కంప్యూటర్ ఏ ఊరి సమయంలో ఉందో దాన్నిబట్టి ఆ ఉత్తరం కూతురి ఆర్కైవ్‌లో పాత ఏడాదిలో, తండ్రి ఆర్కైవ్‌లో కొత్త ఏడాదిలో ఉంటుంది. రెండూ సరైనవే.

వయసును బట్టి దానంతటదే కదిలించాలంటే థండర్‌బర్డ్‌లో ఫిల్టర్ రాయాలి. ఏజ్ ఇన్ డేస్ అన్న షరతు ఎంచుకుని, తొంభై దాటితే ఫలానా ఫోల్డర్‌కు జరపమని చెప్పాలి. ఇక్కడ చాలామంది ఒక ఉచ్చులో పడతారు. ఫిల్టర్లు మామూలుగా కొత్త మెయిల్ వచ్చినప్పుడు దాని మీద నడుస్తాయి. అప్పుడే వచ్చిన ఉత్తరం వయసు సున్నా. తొంభై రోజుల షరతు సున్నా రోజుల ఉత్తరానికి ఎప్పటికీ వర్తించదు, తొంభై రోజులయ్యాక ఆ ఫిల్టర్ మళ్లీ దాని వైపు చూడదు. అందుకే ఫిల్టర్ ఎప్పుడు నడవాలి అన్న దగ్గర, కొంతసేపటికోసారి నడవమనే గడిని కూడా ఎంచుకోవాలి. దాంతోపాటు నక్షత్రం గుర్తు లేనివాటికి మాత్రమే అనే రెండో షరతు చేర్చండి. నక్షత్రం పెట్టిన ఉత్తరం అప్పుడు ఎన్నేళ్లయినా కదలదు.

జీమెయిల్‌లోనూ అదే ఉచ్చు. 2004 ఏప్రిల్ 1న ఒక గిగాబైట్ చోటుతో జీమెయిల్ వచ్చినప్పుడు, ఏదీ తీసేయనక్కర్లేదు, వెతుక్కుంటే చాలు అన్నది దాని వాదన. అక్కడ ఆర్కైవ్ అంటే ఉత్తరాన్ని ఎక్కడికీ తీసుకెళ్లడం లేదు, ఇన్‌బాక్స్ అనే లేబుల్‌ను ఒలిచేయడమే. ఉత్తరం ఆల్ మెయిల్‌లో ఎప్పటిలాగే ఉంటుంది. జీమెయిల్ ఫిల్టర్లు వచ్చే ఉత్తరాల మీదే పనిచేస్తాయి, వయసును బట్టి తర్వాత కదిలించే మీట అందులో లేదు. కావాలంటే గూగుల్ యాప్స్ స్క్రిప్ట్‌లో నాలుగైదు వరసల ప్రోగ్రాం రాసి, రోజూ ఒక వేళకు నడిచేలా పెట్టుకోవచ్చు: ఇన్‌బాక్స్‌లో తొంభై రోజులు దాటినవాటిని వెతుకు, ఆర్కైవ్ చెయ్. ఒక్క ఆదేశంలో వంద సంభాషణల వరకే కదులుతాయి కనక, పేరుకుపోయినవాళ్లు వందేసి చొప్పున కొన్నాళ్లు నడవనివ్వాలి. ప్రోగ్రామింగ్ కొంచెం తెలిసిన ఇంటర్ విద్యార్థి ఈ పని చేయగలడు, నేర్చుకోవడానికి మంచి మొదటి పాఠం కూడా.

జరిపినది ఎక్కడ పడుతుంది?

ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కు జరపడం తెర మీద ఒక్క కదలికలా కనిపిస్తుంది. లోపల అది రెండు పనులు: కొత్త చోట నకలు రాయడం, పాత చోట కొట్టివేయడం. సర్వర్‌లో ఉత్తరాలను ఉంచి చూసుకునే ఐమ్యాప్ పద్ధతిని స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ 1986లో మొదలుపెట్టారు. జరపడానికి ఒకే ఆదేశం అందులో 2013లో గానీ ప్రమాణంగా రాలేదు. అంతవరకు నకలు, కొట్టివేత వేరువేరుగా జరిగేవి. మధ్యలో కరెంటు పోతే ఉత్తరం రెండు చోట్లా మిగిలేది.

మన కంప్యూటర్లో ఉత్తరాలు ఏ రూపంలో ఉంటాయన్నది కూడా తెలుసుకోవాలి. థండర్‌బర్డ్ మామూలుగా వాడేది ఎంబాక్స్ అనే యూనిక్స్ కాలపు రూపం. ఒక ఫోల్డర్ అంటే ఒక పెద్ద ఫైల్, అందులో ఉత్తరాలన్నీ లుకాసిక్ కాలంలో లాగే వరసగా ఉంటాయి. ఒకదాన్ని జరిపితే పాత ఫైల్లో అది కొట్టివేసినట్టు గుర్తు మాత్రమే పడుతుంది, అక్షరాలు అక్కడే ఉంటాయి. ఫోల్డర్‌ను కాంపాక్ట్ చేస్తేనే ఫైల్ కుదించుకుంటుంది. పదివేల ఉత్తరాలు ఆర్కైవ్ చేసినా డిస్క్‌లో చోటు రాలేదేమని అడిగేవాళ్లకు జవాబు ఇదే. 1990లలో డేనియల్ బెర్న్‌స్టీన్ తెచ్చిన మెయిల్‌డిర్ రూపంలో ఒక్కో ఉత్తరానికి ఒక్కో ఫైల్ కనక ఈ బాధ లేదు. జోడించిన ఫోటోలు, పీడీఎఫ్‌లు ఎందుకంత చోటు తింటాయో కూడా ఇక్కడే చెప్పాలి. మెయిల్‌లో అవి అక్షరాలుగా మారి ప్రయాణిస్తాయి, ప్రతి మూడు బైట్లూ నాలుగు అక్షరాలవుతాయి. మూడు మెగాబైట్ల ఫోటో మెయిల్లో నాలుగు మెగాబైట్లకు పైగా ఉంటుంది.

ఔట్‌లుక్ ఆటోఆర్కైవ్ పాత ఉత్తరాలను పీఎస్‌టీ అనే ఒకే ఫైల్లోకి పోస్తుంది. 2002 నాటి ఔట్‌లుక్ వరకు ఆ ఫైల్‌కు రెండు గిగాబైట్ల హద్దు ఉండేది. హద్దు దాటితే ఫైల్ తెరుచుకునేది కాదు. చివర కొంత కోసేసి మిగతాది బతికించే పరికరాన్ని మైక్రోసాఫ్ట్ ఇవ్వాల్సి వచ్చింది. 2003లో హద్దు ఇరవై గిగాబైట్లయింది, 2010లో యాభై. హద్దు పెరిగినా ప్రమాదం అలాగే ఉంది, ఎందుకంటే ఆ ఫైల్ ఉండేది మామూలుగా మన కంప్యూటర్ డిస్క్ మీద మాత్రమే. సర్వర్‌లో ఉన్నంతకాలం ఆఫీసు వాళ్లు బ్యాకప్ తీస్తూ కాపాడిన ఉత్తరాన్ని, ఆటోఆర్కైవ్ తెచ్చి ఏ కాపలా లేని ల్యాప్‌టాప్‌లో పెడుతుంది. ల్యాప్‌టాప్ పోతే పదేళ్ల ఉత్తరాలు పోతాయి. ఆర్కైవ్ ఎక్కడికి వెళ్తుందో తెలియకుండా ఎవరూ ఆ మీట వెలిగించకూడదని నేను గట్టిగా నమ్ముతాను. ఏడాదికొక ఫైల్ పెట్టుకుని, పూర్తయిన ఏడాది ఫైల్‌ను ఇంకో డిస్క్‌కు నకలు తీసుకోవడం అందరూ చేయగలిగిన పని.

పేర్లు పెట్టడం ఎంతవరకు?

ఆర్కైవ్‌లోకి వెళ్లినవాటిని విషయాలవారీగా కూడా విడదీయాలా? 1996లో స్టీవ్ విటేకర్, క్యాండేస్ సిడ్నర్ లోటస్ కంపెనీ ఉద్యోగుల మెయిల్‌పెట్టెలను పరిశీలించారు. మనుషులు కష్టపడి పెట్టుకున్న ఫోల్డర్లలో మూడో వంతుకు పైగా ఒకటో రెండో ఉత్తరాలతోనే మిగిలిపోయాయని వాళ్లు చూశారు. ఆ పేరుతో ఫోల్డర్ తెరిచిన రోజు ఉన్న ఉత్సాహం తర్వాత నిలవలేదు. పదిహేనేళ్ల తర్వాత 2011లో విటేకర్ బృందం ఐబీఎంలో 345 మంది పాత మెయిళ్లను వెతుక్కున్న 85,000కు పైగా సందర్భాలను కొలిచింది. ఫోల్డర్లలో వెతికితే సగటున 58 సెకన్లు, సెర్చ్‌లో వెతికితే 17 సెకన్లు. ఫోల్డర్లు ఎక్కువగా పెట్టుకున్నవాళ్లకు దొరకడమూ ఎక్కువేమీ లేదు.

తేదీని బట్టి దానంతటదే జరిగే ఆర్కైవ్‌కు నేను మొగ్గడానికి కారణం ఇదే. అది మనల్ని ఏ వర్గమో తేల్చమని అడగదు. ఖర్చు దాదాపు లేదు, సెర్చ్‌కు అడ్డం రాదు.

తెలుగులో మెయిల్ రాసేవాళ్లు ఒక సంగతి గమనించాలి. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991 నుంచి చోటుంది, కానీ ఐమ్యాప్ ప్రమాణం ఫోల్డర్ పేర్లను చాలాకాలం పాత సంకేతంలోనే పంపేది. తెలుగులో పెట్టిన ఫోల్డర్ పేరు కొన్ని పాత ప్రోగ్రాముల్లో రోమన్ అక్షరాల గందరగోళంగా కనబడటానికి కారణం అదే. 2021లో వచ్చిన కొత్త ప్రమాణం ఫోల్డర్ పేర్లకు నేరుగా యూనికోడ్‌నే వాడుతుంది, అన్ని సర్వర్లూ ఇంకా అక్కడికి చేరలేదు. రెండు మూడు ప్రోగ్రాముల్లో ఒకే మెయిల్ చూసుకునేవాళ్లు ఆర్కైవ్ ఫోల్డర్లకు ఏడాది, నెల అంకెలే పేర్లుగా ఉంచుకుంటే ఎక్కడా చెడవు. తెలుగు ఉత్తరాన్ని సెర్చ్‌లో వెతికేటప్పుడు మాట పూర్తిగా రాయకండి. మన మాటలకు విభక్తులు అతుక్కుంటాయి. ‘విశాఖపట్నానికి’ అని ఉన్న ఉత్తరం ‘విశాఖపట్నం’ అని వెతికితే తప్పించుకోవచ్చు, ‘విశాఖపట్న’ వరకు రాస్తే దొరికే అవకాశం ఎక్కువ.

ఇక పాతవాటిని జరపడానికి బదులు పూర్తిగా చెరిపేయమనే ఎంపిక కూడా కొన్ని ప్రోగ్రాముల్లో ఉంటుంది. థండర్‌బర్డ్‌లో సింక్రనైజేషన్ అండ్ స్టోరేజ్ అన్న చోట ఇన్ని రోజులు దాటినవాటిని తీసేయమనే గడి ఉంది. చోటు మిగులుతుందని దాన్ని నొక్కితే ఐమ్యాప్ ఖాతాలో సర్వర్ మీది ఉత్తరం కూడా పోతుంది. ఓటీపీలు, అమ్మకాల ప్రకటనలు వేరే ఫోల్డర్‌లో పడేలా చేసుకుని ఆ ఫోల్డర్‌కు మాత్రమే చెరిపివేత పెట్టండి. మిగతా అన్నిటికీ జరపడమే.

సెట్టింగ్స్ మార్చే ముందు మొత్తం మెయిల్‌కు ఒకసారి బ్యాకప్ తీసుకోండి. ఎన్నటికీ కదలకూడని ఉత్తరాలకు నక్షత్రమో మినహాయింపో పెట్టి, ఆ తర్వాతే గడువు అంకె వేయండి. మొదటిసారి ఆర్కైవ్ నడిచాక రెండేళ్ల కిందటి ఉత్తరం ఒకటి గుర్తు తెచ్చుకుని వెతికి చూడండి. అది దొరికి, ఆ ఆర్కైవ్ ఫైల్ రెండు చోట్ల భద్రంగా ఉందని రూఢి అయితే, ఆ పని ఇక ప్రోగ్రాంకు వదిలేయవచ్చు.